వింటే వస్తుంది ఇంగ్లీషు!

*పదేళ్లు బడిలో చదివినా నాలుగు వాక్యాలు మాట్లాడాలంటే నోరు పెగలదు. తప్పు నోటిది కాదు, చెవిది! ఆ చెవికి కావలసిన పాఠాలు ఇప్పుడు పైసా ఖర్చు లేకుండా సెల్‌ఫోన్లోనే దొరుకుతున్నాయి. వాటిని వాడుకోవడం తెలిస్తే గోలేటి క్వార్టర్‌లో ఉన్న పిల్లకైనా, హైదరాబాద్ కార్పొరేట్ స్కూలు పిల్లకైనా పాఠం ఒక్కటే.*

గోలేటిలో ఇంగ్లీషు రానిదెవరికి? బాయి పనికి పోయే ఏ కార్మికుడినైనా అడగండి. ‘మస్టర్ పడ్డదా?’ అంటాడు. ‘ఫస్ట్ షిఫ్టు’, ‘ఇంక్లయిన్’, ‘హాలేజి’, ‘టబ్బు’, ‘ల్యాంప్ రూం’, ‘ఓవర్‌మన్’, ‘షార్ట్‌ఫైరర్’, ‘డంపర్’, ‘ప్లే డే’... పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఎన్ని ఇంగ్లీషు మాటలో! బడి మొహం చూడని తాతలు కూడా వీటిని తడుముకోకుండా పలికారు. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. విన్నారు, పని చేశారు, అన్నారు. అంతే.

అదే ఇంట్లో మనవరాలు ఇంగ్లీషు మీడియంలో పదో తరగతి పాసవుతుంది. గ్రామరు తెలుసు. వ్యాసం రాస్తుంది. కానీ ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అని ఇంగ్లీషులో అడిగితే గొంతు ఎండిపోతుంది. అడిగిన ప్రశ్న అర్థమైతే కదా, జవాబు చెప్పడానికి!

చదువుకోని తాతకు మాట వచ్చింది, చదువుకున్న మనవరాలికి రాలేదు. ఎందుకు? తాత చెవితో నేర్చుకున్నాడు. మనవరాలు కంటితో నేర్చుకుంది. తేడా అక్కడే ఉంది.

బాయి ఉద్యోగం ఒక్కటే దారి కాదు

కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. జనరల్ మేనేజర్ కార్యాలయం ఇక్కడే ఉంది. ఈ ఊరి టౌన్‌షిప్ అయినా, గోదావరిఖని, రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్ అయినా... ఒకప్పుడు లెక్క సులువుగా ఉండేది. తండ్రి బాయిలో, కొడుకూ బాయిలో. 1889లో ఇల్లెందు దగ్గర బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచి తరాలు అలాగే గడిచాయి.

ఆ లెక్క ఇప్పుడు కుదరడం లేదు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు 40 వేల చుట్టూ ఉంది. భూగర్భ గనులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులు పెరిగాయి. తట్టా చెమ్మస్ పట్టిన చేతుల స్థానంలో భారీ యంత్రాలు వచ్చాయి. కార్మికుల పిల్లల్లో చాలామంది బయటి ఉద్యోగాలు వెతుక్కోక తప్పదు. బయటికి వెళ్లగానే మొదట ఎదురయ్యేది ఇంగ్లీషే. డిగ్రీ పాఠమైనా, కాల్ లెటరైనా, బ్యాంకు పరీక్షైనా, బెంగళూరు కంపెనీ ఫోన్ ఇంటర్వ్యూ అయినా అంతా ఆ భాషలోనే.

ఇక బడుల సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008-09లో ‘సక్సెస్ స్కూళ్ల’ పేరిట ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచారు. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టారు. ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉండేలా పుస్తకాలూ ఇచ్చారు. పుస్తకం మారింది సరే. ఇంగ్లీషు వినపడేదెక్కడ? టీచరు కూడా తెలుగు మీడియంలో చదివొచ్చినవారే అయితే, ఇంటికొస్తే అమ్మానాన్నలది తెలుగే అయితే, ఆ భాష పిల్లల చెవిన పడే దారేది? ఈ ప్రశ్నకే ఉచిత ఆడియో, వీడియోలు జవాబు చెబుతున్నాయి.

కన్ను చేసే మోసం

తెలుగులో రాసినట్టే చదువుతాం, చదివినట్టే పలుకుతాం. ఆ నమ్మకంతోనే మన పిల్లలు ఇంగ్లీషు అక్షరాల ముందు కూర్చుంటారు. అక్కడే దెబ్బతింటారు. ‘రిసీట్’లో రాసే ‘పి’ పలకదు. ‘ప్లంబర్’, ‘డెట్’ మాటల్లో ‘బి’ పలకదు. బుధవారాన్ని ‘వెడ్‌నెస్‌డే’ అని కూడబలుక్కునే పిల్లాడికి అది ‘వెన్స్‌డే’ అని చెవి చెప్పాలే తప్ప కన్ను చెప్పలేదు.

ఇంకోటి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్ మనకు ‘బస్సు’, లైట్ ‘లైటు’, టబ్ ‘టబ్బు’ అయ్యాయి. ఇంట్లో ఇది తప్పు కాదు, అందమే. ఇంగ్లీషు వాక్యంలో ప్రతి మాట చివరా ‘ఉ’ తగిలిస్తే మాత్రం వినేవాడు తికమకపడతాడు.

అన్నిటికన్నా పెద్ద తేడా నడకలో ఉంది. తెలుగులో అక్షరాలన్నీ ఇంచుమించు సమానంగా నడుస్తాయి. ఇంగ్లీషు అలా కాదు. ఒక అక్షరాన్ని ఒత్తి పలికి, పక్కవాటిని మింగేస్తుంది. ‘ఫొటోగ్రాఫ్’లో ఒత్తు మొదటి అక్షరం మీద. ‘ఫొటోగ్రఫీ’లో రెండోదానికి జరుగుతుంది. ‘ఫొటోగ్రాఫిక్’లో మూడోదానికి! మనం ‘కం-ఫర్-టే-బుల్’ అని నాలుగు ముక్కలు చేసే మాటను వాళ్లు ‘కంఫ్‌-ట-బుల్’ అని మూడింట్లో తేలుస్తారు. మాటలు పక్కపక్కన చేరితే ఇంకా కలిసిపోతాయి. అందుకే సినిమాలో ఇంగ్లీషు డైలాగు ‘గడగడా’ వెళ్లిపోయినట్టు అనిపిస్తుంది. అదే డైలాగు కాగితం మీద చూపిస్తే ‘ఓస్, ఇంతేనా!’ అంటాం. మాటలు తెలిసినవే. వాటి చప్పుడే తెలియనిది. ఆ చప్పుడును ఏ గ్రామరు పుస్తకమూ వినిపించలేదు.

హైదరాబాద్‌లో ఓ ప్రయోగం

టీచరు పక్కన లేకుండా, కేవలం విని, చూసి, అని... పిల్లలు ఉచ్చారణ బాగు చేసుకోగలరా? ఈ సందేహం తీర్చుకోవడానికి మన హైదరాబాద్‌లోనే ఓ ప్రయోగం జరిగింది. చేసినవారు సుగతా మిత్ర, జేమ్స్ టూలీ, పరిమళా ఇనాందార్, పౌలీన్ డిక్సన్. ఫలితాలు 2003లో అచ్చయ్యాయి.

సుగతా మిత్ర అంటే... 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి, అందులో కంప్యూటర్ అమర్చి, బస్తీ పిల్లలకు వదిలేసిన పెద్దమనిషి. ఆ పిల్లలు ఎవరూ చెప్పకుండానే దాన్ని వాడటం నేర్చుకున్నారు. ‘గోడలో కన్నం’ ప్రయోగంగా అది ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది.

హైదరాబాద్‌లో ఎంచుకున్నది పేదింటి పిల్లలు చదివే చిన్న ప్రైవేటు బడి. 16 మంది పిల్లలు. వాళ్లకు ఇచ్చినవి మూడే. ఇంగ్లీషు నేర్పే ఓ సాఫ్ట్‌వేర్, కొన్ని ఇంగ్లీషు సినిమాలు, మాట్లాడితే అక్షరాలుగా మార్చే ఓ ప్రోగ్రాం. పిల్లలు గుంపులుగా కంప్యూటర్ ముందు చేరి చదువుతారు. యంత్రానికి అర్థమైతే సరిగ్గా రాస్తుంది. కాకపోతే ఇంకేదో రాస్తుంది. పిల్లలు నవ్వుకుంటారు, మళ్లీ సినిమా వింటారు, మళ్లీ అంటారు. తిట్టేవారు లేరు, బెత్తం లేదు. ‘నీకు ఇంగ్లీషు రాదు’ అని ఎగతాళి చేసేవారూ లేరు.

అయిదు నెలల తర్వాత చూస్తే పిల్లల ఉచ్చారణ మెరుగైంది. యంత్రం ఇచ్చిన మార్కుల్నే నమ్మి ఊరుకోలేదు, మనుషుల చేతా వినిపించి మార్కులు వేయించారు. టీచరు జోక్యం పెద్దగా లేకపోయినా పిల్లలు తమంతట తాము ఉచ్చారణ దిద్దుకోగలరనే ఫలితాలు సూచించాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అప్పట్లో ఆ ప్రయోగానికి కంప్యూటర్ కావాలి, ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ కొనాలి, సినిమాలు సమకూర్చాలి. ఇప్పుడు? ఆ మూడూ అమ్మ చేతిలోని మామూలు స్మార్ట్‌ఫోన్లో ఉన్నాయి. మెసేజ్ కొట్టే చోట కనిపించే మైకు బొమ్మే ఆనాటి యంత్రం!

అమ్మమ్మలు వచ్చారు

కథ అక్కడితో ఆగలేదు. ఒంటరిగా వదిలేసిన యంత్రం ఎంత నేర్పినా, ‘భేష్’ అనే మనిషి ఉంటే పిల్లలు ఇంకా ముందుకు వెళతారని మిత్ర గమనించారు. పాఠం చెప్పక్కర్లేదు. పక్కన నిలబడి, అమ్మమ్మలా ‘అబ్బ! ఎలా చేశావురా!’ అంటే చాలు. 2009లో బ్రిటన్ నుంచి స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు స్కైప్‌లో హైదరాబాద్ పిల్లలకు ఇంగ్లీషు కథలు చదివి వినిపించడం మొదలుపెట్టారు. వాళ్లలో రిటైరైన టీచర్లూ ఉన్నారు. దానికి ‘గ్రానీ క్లౌడ్’ అని ముద్దుపేరు. అంటే అమ్మమ్మల మేఘం అన్నమాట. 2013లో మిత్రకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి దక్కింది.

అయితే నాణేనికి రెండోవైపూ చూడాలి. హైదరాబాద్‌లో చూసింది 16 మంది పిల్లల్నే, కొలిచింది ఉచ్చారణనే. సొంతంగా వాక్యం అల్లడం వేరే విద్య. ‘గోడలో కన్నం’ అన్నిచోట్లా నిలవలేదు కూడా. ఉత్తరాఖండ్‌లోని అల్మోడా ప్రాంతంలో పెట్టిన కంప్యూటర్లు మూలన పడ్డాయని పాయల్ అరోరా అనే పరిశోధకురాలు 2010లో రాశారు. పట్టించుకునే పెద్దలు లేకపోతే పెట్టె పెట్టెగానే మిగులుతుంది. ఫోనూ అంతే! చేతికిచ్చి వదిలేస్తే ఇంగ్లీషు పాఠం రెండు నిమిషాలు, రీల్స్ రెండు గంటలు.

రేడియో నుంచి జియో దాకా

వినిపించి నేర్పడం కొత్తదేం కాదు. బీబీసీ ‘ఇంగ్లీష్ బై రేడియో’ 1943లోనే మొదలైంది. మన దేశంలో 1975-76లో ఉపగ్రహం ద్వారా టీవీ పాఠాలు పంపిన ‘సైట్’ ప్రయోగానికి ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాదాపు 2,400 గ్రామాల్లో టీవీలు పెట్టి జనానికి చూపించారు. ఆ తర్వాత ఆకాశవాణిలో ‘విందాం నేర్చుకుందాం’ అంటూ బడి పిల్లలకు రేడియో పాఠాలు వచ్చాయి. రాపిడెక్స్ పుస్తకాలు, క్యాసెట్లు, సీడీలు, అమీర్‌పేట స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగులు... ఒక్కో తరానికి ఒక్కో దారి.

రేడియో పాఠంతో చిక్కేంటంటే, టైముకు కూర్చోకపోతే పోయినట్టే. మళ్లీ వినే వీల్లేదు. క్యాసెట్ మళ్లీ వినొచ్చు గానీ కొనాలి. 2005లో యూట్యూబ్ పుట్టింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. దాంతో రెండు చిక్కులూ విడిపోయాయి. 2020లో కరోనా బడులకు తాళం వేసినప్పుడు సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ పిల్లలకు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో పాఠాలు చెప్పారు. టీవీ ముందు కూర్చుని నోట్సు రాసుకోవడం అప్పుడే పల్లెలకూ అలవాటైంది.

ఎక్కడ దొరుకుతాయి?

ఉచితంగా దొరికేవి కోకొల్లలు. ఎవరికేది పనికొస్తుందో తెలుసుకుంటే చాలు.

*చిన్నపిల్లలకు:* ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో తెచ్చిన ‘స్టోరీవీవర్’లో బొమ్మల కథలున్నాయి. ఒకే కథ తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ దొరుకుతుంది. కొన్నింటిని చదివి వినిపిస్తుంది కూడా. ‘బుక్‌బాక్స్’ వీడియోల్లో కథ నడుస్తుంటే ఏ మాట వినపడుతోందో ఆ మాట కింద రంగు మారుతుంది. తెలుగు కథలూ ఉన్నాయి. ముందు తెలుగులో చూసి, తర్వాత ఇంగ్లీషులో చూస్తే కథ తెలిసిందే కాబట్టి భయం ఉండదు. బ్రిటిష్ కౌన్సిల్ వారి పిల్లల పాఠాల్లో పాటలు, ఆటలు ఉంటాయి.

*హైస్కూలు, ఇంటర్ విద్యార్థులకు:* బీబీసీ ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’. పేరుకు తగ్గట్టే ఆరు నిమిషాలు. ఇద్దరు ఏదో ఒక విషయం మీద మాట్లాడుకుంటారు. వాళ్లన్నది ఇంచుమించుగా పక్కనే రాసి ఉంటుంది. ఆ రాతప్రతే అసలు బంగారం.

*వేగం అందనివారికి:* వాయిస్ ఆఫ్ అమెరికా 1959 అక్టోబరు 19న ‘స్పెషల్ ఇంగ్లీష్’ మొదలుపెట్టింది. దాదాపు 1,500 మాటలతో, చిన్న వాక్యాలతో, నిదానంగా చదివే వార్తలు. ఆ తర్వాత దీని పేరు ‘లెర్నింగ్ ఇంగ్లీష్’గా మారింది. 2025 మార్చిలో ఆ సంస్థ ప్రసారాలకు పెద్ద దెబ్బ తగిలింది. అప్పటిదాకా చేసిన పాఠాలు మాత్రం ఇప్పటికీ పనికొస్తాయి. నచ్చినవాటిని ముందే ఫోన్లో దాచుకోవడం మంచిదని ఈ సంగతే చెబుతోంది. ఉచితంగా దొరికేవి ఎల్లకాలం ఉంటాయన్న హామీ లేదు.

*మన ఇంగ్లీషు కోసం:* లండన్ యాస రావాలని ఎవరూ అడగరు. ఆకాశవాణి ఇంగ్లీషు వార్తలు స్పష్టంగా, మన చెవికి పట్టేలా ఉంటాయి. పొద్దున తెలుగు పేపర్లో చదివిన వార్తే అందులో వస్తుంది కాబట్టి సగం అర్థం ముందే తెలిసి ఉంటుంది. ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవారికి టీశాట్ నిపుణ, బడి పిల్లలకు టీశాట్ విద్య ఉన్నాయి.

*చదువరులకు:* 2005లో మొదలైన ‘లిబ్రివాక్స్’లో కాపీహక్కులు తీరిన పాత పుస్తకాలను స్వచ్ఛంద సేవకులు చదివి పెట్టారు. పుస్తకం ఒకచేత్తో పట్టుకుని వింటూ పోవచ్చు. అయితే పాత ఇంగ్లీషు కాబట్టి కాస్త భాష వచ్చాక మొదలుపెట్టడం మేలు.

*ఒక్క మాట కోసం:* కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల వెబ్‌సైట్లలో మాట పక్కన స్పీకరు బొమ్మ ఉంటుంది. నొక్కితే పలికి వినిపిస్తుంది. సందేహం వచ్చినప్పుడల్లా నొక్కడం అలవాటైతే సగం తప్పులు పోతాయి.

రోజుకు పదిహేను నిమిషాలు

గంటలకొద్దీ వీడియోలు చూస్తే ఇంగ్లీషు రాదు. ఈత వీడియోలు చూసి గోదావరిలో దూకినట్టే అవుతుంది! రెండు నిమిషాల ముక్క చాలు. దాన్నే నమలాలి.

మొదటిసారి ఏమీ చూడకుండా వినాలి. ఎవరు, ఎక్కడ, దేని గురించి... ఈ మూడూ తెలిస్తే చాలు. మాట మాటా పట్టుకోవాలని పంతం వద్దు.

రెండోసారి రాతప్రతి చూస్తూ వినాలి. ‘అరె, ఇది నాకు తెలిసిన మాటే!’ అనిపించినచోట గీత గీయాలి. కంటికి తెలిసి చెవికి తెలియని మాటలు అవే. ఇంగ్లీషు వీడియోకు ఇంగ్లీషు అక్షరాలే పెట్టుకోవాలి. తెలుగు అనువాదం పెడితే కన్ను తెలుగు చదువుకుంటూ పోతుంది, చెవి పనిచేయడం మానేస్తుంది.

మూడోసారి ఒక్కో వాక్యం దగ్గర ఆపి, అచ్చం అలాగే అనాలి. అర్థం ఒక్కటే కాదు, ఎక్కడ ఒత్తారో, ఎక్కడ మింగారో అదీ అనుకరించాలి. మిమిక్రీ చేసేవారిలాగన్నమాట. వేగం ఎక్కువైతే యూట్యూబ్‌లో 0.75కు తగ్గించుకోవచ్చు.

నాలుగోసారి ఫోన్లో సొంత గొంతు రికార్డు చేసి, అసలుదానితో పోల్చి చూసుకోవాలి. మొదటిరోజు సిగ్గేస్తుంది. వారానికల్లా పోతుంది.

చివరగా పరీక్ష. మెసేజ్ కొట్టే చోట మైకు నొక్కి వాక్యం చెప్పాలి. భాష దగ్గర ‘ఇంగ్లీష్ (ఇండియా)’ ఎంచుకోవాలి. ఫోను సరిగ్గా రాస్తే మార్కు పడ్డట్టే. తప్పు రాస్తే ఏ మాట దగ్గర తప్పిందో చూసి మళ్లీ చెప్పాలి. ఒక్కోసారి ఫోను కూడా పొరపాటు పడుతుంది. అందుకని పక్కన అక్కో తమ్ముడో ఉంటే ఇంకా మంచిది.

ఇదంతా విన్నదాన్ని తిరిగి అనడమే. సొంత మాట రావాలంటే మరో మెట్టు ఎక్కాలి. విన్న విషయాన్ని పుస్తకం మూసి నాలుగు వాక్యాల్లో చెప్పాలి. తప్పులొస్తాయి. రానివ్వండి! తాతలు ‘ఇంక్లయిన్’ అన్నప్పుడు స్పెల్లింగు అడిగినవారెవరు?

మూడు షిఫ్టుల ఇంట్లో...

సింగరేణి ఇళ్లలో చదువుకు ఓ చిక్కుంది. నాన్న నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటాడు. రెండు గదుల క్వార్టర్‌లో గట్టిగా చదవడానికి లేదు. వినడానికి ఇయర్‌ఫోన్ ఉంది. మరి అనడానికి? వారం వారం షిఫ్టు మారినట్టే చదువు వేళా మార్చుకోవాలి. నాన్న ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే వారం పొద్దునపూట గట్టిగా అనుకునే పాఠం. నైట్ షిఫ్టు వారం పగలు ఇయర్‌ఫోన్‌తో వినే పాఠం, సాయంత్రం డాబా మీద అనే పాఠం.

ఇంట్లో ఒక్కటే ఫోనైతే వైఫై ఉన్నచోట వీడియోను ఆఫ్‌లైన్‌లో దాచి పెట్టుకోవాలి. నెట్ ఆపేస్తే చదువూ సాగుతుంది, రీల్సూ రావు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు!

అమ్మానాన్నలకు ఇంగ్లీషు రాదే, ఎలా సాయం చేస్తారు? గ్రానీ క్లౌడ్ అమ్మమ్మలు చేసిన పనే చేయాలి. వాళ్లకు తెలుగు రాదు, అయినా పిల్లలు నేర్చుకున్నారు. ‘ఇవాళ ఏం విన్నావు బిడ్డా? చెప్పు’ అని అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. పిల్ల తెలుగులో కథ చెప్పి, ఇంగ్లీషులో రెండు వాక్యాలు అంటే, ‘శభాష్’ అనడానికీ అక్కర్లేదు. వినేవారున్నారని తెలిస్తే మాట దానంతటదే వస్తుంది.

టీచర్లకు...

నలభై మంది పిల్లలు, ఒక్క ఫోను, చిన్న బ్లూటూత్ స్పీకరు. పాఠానికి ఇంతే చాలు. ముందు బోర్డు మీద కథ పేరు రాసి ‘ఏం జరుగుతుందో ఊహించండి’ అనాలి. ఒకసారి వినిపించాలి. పిల్లలు జంటలుగా తాము పట్టుకున్న మాటలు కలిపి చూసుకోవాలి. మళ్లీ వినిపిస్తే ఖాళీలు పూడతాయి. అప్పుడు రాతప్రతి చదివించి, ఇద్దరిద్దరి చేత సంభాషణ చెప్పించాలి. ఆడియో నడిచేది పది నిమిషాలే. మిగతా పీరియడ్ అంతా పిల్లల గొంతులే వినపడాలి. వీడియో పెట్టేసి టీచరు రిజిస్టరు రాసుకుంటే అది పాఠం కాదు, సినిమా.

తన ఉచ్చారణ మీద నమ్మకం లేని టీచరు కూడా ఈ పద్ధతిలో సిగ్గుపడాల్సిన పనిలేదు. నమూనా గొంతు స్పీకరులోంచి వస్తుంది. టీచరు పని ఆపడం, అడగడం, అనిపించడం, మెచ్చుకోవడం. పిల్లలతో పాటు తనూ నేర్చుకోవచ్చు.

ఉచితం అన్నారని ఇష్టమొచ్చినట్టు వాడకూడదు. స్టోరీవీవర్, లిబ్రివాక్స్ కథలను కాపీ చేసి పంచుకోవచ్చు. మిగతావాటిని తరగతిలో వినిపించడం వేరు, సీడీల్లో ఎక్కించి అమ్ముకోవడం వేరు. ‘30 రోజుల్లో గలగలా ఇంగ్లీష్’ అంటూ మొదటి పాఠం ఉచితంగా చూపి, రెండోదానికి వేలు అడిగేవాళ్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. ముప్ఫై రోజుల్లో వచ్చేది భయం పోవడం వరకే. భాషకు సమయం పడుతుంది.

భాష కూడా బొగ్గు లాంటిదే. ఒక్కరోజులో తవ్వితే తరిగేది కాదు, ఒక్కరోజులో బయటికొచ్చేదీ కాదు. రోజూ ఓ టబ్బు నింపాలి. రోజుకు పదిహేను నిమిషాలంటే ఏడాదికి తొంభై గంటల పైమాటే. అన్ని గంటల ఇంగ్లీషు చెవిన పడ్డ పిల్లను ఇంటర్వ్యూలో ‘మీ గురించి చెప్పండి’ అని అడిగితే ప్రశ్న అర్థమవుతుంది. అర్థమైతే, జవాబు ఎలాగూ ఆమె దగ్గర ఉంది.